కొడుకును వదలని తల్లి

పిల్లలూ! కాథలిక్కు క్రైస్తవులు తల్లులకు అండగా నిలిచే పునీతురాలిగా మోనికమ్మను కొలుస్తారు. ఎందుకో తెలుసా?

ఆమెది ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తే పట్టణం. అది నేటి అల్జీరియాలో ఉన్నది. కొడుకు అగస్టీను మహా తెలివిగలవాడే గాని, తల్లి మాట పెడచెవిని పెట్టేవాడు. క్రీ.శ. 383లో ఆమెకు అబద్ధం చెప్పి, రాత్రికి రాత్రే కార్తేజి రేవులో ఓడ ఎక్కి రోముకు వెళ్ళిపోయాడు.

మోనికమ్మ ఏడ్చింది, అయినా కొడుకును వదులుకోలేదు. తానూ సముద్రం దాటి, మిలాను నగరంలో అతన్ని కలుసుకున్నది. 387లో అగస్టీను అక్కడే జ్ఞానస్నానం పొందాడు. అదే ఏడు ఇద్దరూ ఇంటికి తిరిగి వస్తూండగా, ఆస్టియా రేవులో ఆమె జ్వరంతో కన్నుమూసింది.

ఈ కథ వ్రాసి పెట్టినవాడు ఆ కొడుకే! 1969లో ఆమె పండుగను మే 4 నుంచి ఆగస్టు 27కు మార్చారు. అగస్టీను పండుగ సరిగ్గా ఆ మరునాడే!