వేలాడే తోట

పిల్లలూ! విశాఖపట్నంలో మేడలు ఎక్కువ, పెరళ్ళు తక్కువ. అయితేనేం? బాల్కనీలో ఒక బుట్ట వేలాడదీస్తే అదే మీ తోట!

ఇనపతీగ బుట్టలో కొబ్బరిపీచు పరచండి. ఇక మట్టి సంగతి. ఉత్తమట్టి నింపితే తడిసి బరువెక్కుతుంది, ఎండి ఇటికలా గట్టిపడుతుంది. వేళ్ళకు గాలి ఆడదు. అందుకని ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్ళలో కలపండి. పొట్టు తేలిక; నీటిని పట్టి ఉంచుతుంది కూడా.

దగ్గరే కదా అని సముద్రపు ఇసుక తేవద్దు. అందులోని ఉప్పు వేళ్ళను నీరు తాగనివ్వదు.

మరి ఎర్రమట్టి? భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి గుప్పెడు కూడా తీయకండి! అక్కడ గాలి చేర్చిన ఇసుకకు ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. అందుకు వేల ఏళ్ళు పట్టింది. 2014లో వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించారు. మనం తవ్వితే మళ్ళీ రావు. మొక్కలు అమ్మేచోట మట్టి కూడా దొరుకుతుంది.

ఒక్క ఋతువులో మొలిచి, పూసి, విత్తు కట్టే మొక్కలు బుట్టకు బాగుంటాయి. చలికాలంలో పెటూనియా, వేసవిలో గడ్డిగులాబీ నాటండి. గడ్డిగులాబీ ఎండ తగిలితేనే విచ్చుకుంటుంది, చూడండి!

సముద్రపు గాలి బుట్టను నాలుగు వైపులా ఆరబెడుతుంది. రోజూ వేలు గుచ్చి చూసి, పొడిగా ఉంటే నీళ్ళు పోయండి.