పోస్టులో నడిచిన బ్యాండు

మా నల్లజర్ల వైపు బ్యాండంటే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే మేళమే. వాళ్ళు వాయించేదీ సినిమా పాటలే! గిటారూ, కంప్యూటరూ ముందేసుకుని సొంత పాటలు కట్టి పాడేవాళ్ళని కూడా బ్యాండే అంటారని చెప్తే, ఎవరైనా మొదట అడిగేది "సినిమాలో ఛాన్సు ఎప్పుడంట?" అని. నా గొడవంతా ఈ ప్రశ్నతోనే.

అమెరికాలో ది పోస్టల్ సర్వీస్ అని ఒక బ్యాండు ఉండేది. లాస్ ఏంజెలెస్‌లో జిమ్మీ టాంబొరెల్లో కంప్యూటర్ మీద బీట్లు చేసి పోస్టులో పంపేవాడు. సియాటెల్‌లో బెన్ గిబ్బర్డ్ వాటిని కత్తిరించి, అతికించి, గొంతు కలిపి తిప్పి పంపేవాడు. అచ్చం మన ఆన్‌సైటు-ఆఫ్‌షోరు యవ్వారమే, కాకపోతే రాత్రి పదింటి కాల్స్ లేవు :). అలా 2003లో పది పాటలతో 'గివ్ అప్' అనే ఆల్బమ్ తెచ్చారు. అదే మొదటిది, అదే ఆఖరిది.

అసలు తమాషా ఆ పేరుతో వచ్చింది. ఆ పేరు మాదంటూ అమెరికా తపాలా శాఖ నోటీసిచ్చింది. చివరికి రాజీ ఏంటంటే, పేరు వాడుకోండి, బదులుగా మాకు ప్రచారం చెయ్యండి అని! 2004లో తపాలా పెద్దల సమావేశంలో వీళ్ళు పాడారు కూడా.

తర్వాత ఎవరి దారి వాళ్ళది. గిబ్బర్డ్ తన డెత్ క్యాబ్ ఫర్ క్యూటీకి వెళ్ళిపోయాడు. ఆల్బమ్ మాత్రం నెమ్మదిగా అమ్ముడవుతూ 2012కల్లా అమెరికాలో 10 లక్షల లెక్క దాటింది. 2013లో ఒకసారి, 2023లో ఇంకోసారి కలిసి స్టేజీ ఎక్కారు గానీ రెండో ఆల్బమ్ జోలికి పోలేదు. మనవాళ్ళైతే "నిలబడలేదు పాపం" అంటారు. ప్రతి రిలీజుకీ వెర్షన్ 2 ఉండి తీరాలా ఏంటి?

మన దగ్గర కథ వేరు. హైదరాబాదు చౌరస్తా బ్యాండునే చూడండి (వాళ్ళది ఎలక్ట్రానిక్ రాక్ కాదులెండి, రెగ్గేలో జానపదం కలిపిన బాణీ). 'ఊరెళ్ళిపోతా మామా' వింటూ క్యాబ్‌లో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాళ్ళు మనలో ఎంతమందో! 2020లో కరోనా రాగానే చేతులు కలపొద్దని పాట కట్టారు. ఈ రెండూ ఏ దర్శకుడూ అడిగి కట్టించినవి కావు. తర్వాత రామ్ మిరియాల 2021లో జాతిరత్నాలుకి 'చిట్టి' పాడాడు, 2022లో డీజే టిల్లు టైటిల్ పాట తనే కట్టి తనే పాడాడు. బాగా పాడాడు, సంతోషమే. నా ఏడుపు అతని మీద కాదు, దాన్ని అందరూ "ప్రమోషన్" అనుకోవడం మీద. సినిమా పాటకి సీను కావాలి, హీరో కావాలి. ఊరు మీద బెంగకి సీను ఎవడిస్తాడు?

మన ఆఫీసుల్లో గిటారు పట్టే కుర్రాళ్ళకి కొదవ లేదు. యాన్యువల్ డే వస్తే మాత్రం మళ్ళీ ఆ సినిమా పాటలే. కల్చరల్ కమిటీల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈసారి ఒక్క అయిదు నిమిషాలు సొంత పాటకి ఇప్పించండి బాబూ.