బడిలో మాట నేర్పువారు

హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనలేక, బడిలో ఉండియు ఆబ్సెంటు లెక్కలో పడు నత్తి బిడ్డలను మేమెరుగుదుము. వస పోయుమందురు పెద్దలు. వసతో నత్తి పోదు.

కొన్ని బడులలో స్పీచ్ థెరపిస్టులు పనిచేయుచున్నారు. మాట రాని బిడ్డ వచ్చినయెడల వారు నాలుకకంటె ముందు చెవి సంగతి విచారింతురు. వినబడనిదే మాట రాదు గదా. నత్తి అయితే పంతులుగారికిని పని చెప్పుదురు: బిడ్డ ఆగినచోట మాట అందింపకుడి, తొందరపెట్టకుడి, ముగించువరకు వినుడి. మా సండేస్కూలు టీచర్లకు ఇది మహా కష్టము!

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పిన 21 వైకల్యములలో మాట, భాషా వైకల్యము ఒకటి. పల్లె బడులలో ఈ పనివారు అరుదు గనుక మండలములోని భవిత కేంద్రములో అడుగుడి. రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి పలుకని బిడ్డ ఇంట నుండగా, "వాని తాతకూ ఆలస్యముగనే మాటలు వచ్చినవి" అనుచు కూర్చుండకుడి.