అడవిని నరికినదెవరు?

పాపికొండలను గూర్చి మన సాహిత్యంలో వర్ణనలకు లోటు లేదు. పొగమంచూ, వెన్నెలా, కోయపిల్ల సిగలో పూవూ ఉంటే అడవి వచ్చిందనుకునే అలవాటు భావకవిత్వంతో పోలేదు; అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలోనూ మిగిలి ఉంది. అడవిని దృశ్యంగా మాత్రమే చూసేవాడికి అందులో బ్రతికే మనిషి అడ్డంగా కనిపిస్తాడు. “బంగారంలాంటి అడవిని కొండరెడ్లు పోడు పేరిట తగలబెట్టేస్తున్నారు” అనే మాట రాజమండ్రిలో చదువుకున్నవారి నోట, పాఠాలు చెప్పేవారి నోట ఈనాటికీ వినిపించడం అందుకే. ఈ మాట అబద్ధం. పైగా కొందరికి లాభించే అబద్ధం.

అడవి ఎలా బ్రతుకుతుందో ముందు చూడాలి. మారేడుమిల్లి పరిసరాలలోనిది అమెజాను వంటి వర్షారణ్యం కాదు. ఎక్కువ భాగం ఆకురాల్చే తేమ అడవి. లోయలలో అక్కడక్కడ ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లు. అయినా ఉష్ణమండలపు అడవుల ముఖ్య లక్షణం ఒకటి దీనిలోనూ ఉంది. డెల్టా రైతుకు బలం నేలలో ఉంటుంది. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు అతనికి తరతరాల పెట్టుబడి. కొండమీద ఆ బలంలో చాలా భాగం చెట్టులోనే నిలవ ఉంటుంది. రాలిన ఆకును చెదలూ బూజులూ కుళ్ళబెట్టి ఇస్తే, వేళ్ళు దానిని తిరిగి పైకి లాగుకుంటాయి. చెట్లను దుంగలుగా దింపుకుపోతే కలపతోపాటు పొలం కూడా బండి కెక్కినట్లే. మిగిలిన పలచని మన్నును తరువాతి వాన వాగులోకి దింపుతుంది.

పోడు ఈ లెక్క తెలిసినవాడి సేద్యం. కొద్దిపాటి చెక్కను కొట్టి, కాల్చి, బూడిద బలంతో రెండు మూడేళ్ళు సామ, జొన్న, కంది పండించుకుని, దానిని అడవికి వదిలి మరొకచోటికి పోతాడు. చెట్టు తిరిగి లేచేదాకా ఆగడమే అందులోని శాస్త్రం. ఆ ఆగే వ్యవధిని హరించినదెవరు? 1882 నాటి మద్రాసు అటవీచట్టం కొండలను రిజర్వులుగా గీసింది. తిరుగాడే చోటు తగ్గినవాడు పాత చెక్కకే త్వరగా తిరిగి వచ్చాడు. కొండ బోడి అయింది. ఆ బోడికొండను చూపించి నేరస్థుడు వీడేనన్నారు. గొంతు పిసుకుతూ, ఊపిరి ఎందుకు ఆడడంలేదని అడిగినట్లుంది!

అంతకు మూడేళ్ళ ముందే, 1879లో, రంప లేచింది. కల్లుమీద వేసిన చిగురుపన్ను దానికి ఒక ముఖ్య కారణం. జీలుగుకల్లు కొండవారికి వినోదం కాదు. గింజలు నిండుకున్న రోజులలో అదే ఆహారం. 1922–24లో అల్లూరి వెంట నడిచినవారి బాధలలోనూ అడవి ఆంక్షలున్నాయి, రోడ్డుపనుల వెట్టి ఉంది. మనం రామరాజు విగ్రహానికి దండ వేస్తాం. ఆయన వెంట నడిచినవారు కోరిన అడవిని మాత్రం పాఠంలోంచి తీసేస్తాం.

మరి నరికించినదెవరు? దుంగలూ వెదురూ తెప్పలు కట్టి గోదావరి మీదుగా రాజమండ్రి కలప అడితీలకు దింపారు. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’లో కలప వ్యాపారుల కింద అప్పులపాలైన కొండరెడ్లు కనిపిస్తారు. గొడ్డలి పట్టినది వారి చెయ్యే. చిట్టాపుస్తకం దిగువన ఉంది. రాజమండ్రి కాగితపు మిల్లుకు దశాబ్దాల తరబడి ఏజెన్సీ వెదురే దిగింది. మన పత్రికల కాగితం ఏ కొండనుంచి వచ్చిందన్న ప్రశ్న మన విమర్శకులకు తోచినట్లు లేదు.

బ్రెజిలులో అమెజాను కోసం నిలబడినది కూడా అడవిలో పనిచేసేవాడే. రబ్బరు గీసే కార్మికుల నాయకుడు షికో మెండిస్‌ను 1988 డిసెంబరు 22న ఒక పశుక్షేత్ర యజమాని కొడుకు కాల్చి చంపాడు.

ఇక పోలవరం. డెల్టాకు నీరు వద్దని ఎవరూ అనరు. 1986 ఆగస్టు వంటి వరదను అడవి ఒక్కటే ఆపుతుందనడమూ అతిశయోక్తే. కాని మునకలో ఉన్న రెండువందలకు పైబడిన ఊళ్ళలో చాలావరకు కొండరెడ్లవీ, కోయలవీ. 2006 అటవీ హక్కుల చట్టం వారి గ్రామసభకు మాట ఇచ్చింది. ఆ హక్కులు తేలకముందే అడవిని ఇతర పనులకు మళ్ళించడానికి కేంద్రం తుది ఆమోదం ఇచ్చే వీలును 2022 అటవీ సంరక్షణ నియమాలు కల్పించాయి. పోయిన అడవికి బదులు మరొకచోట మొక్కలు నాటుతామంటారు. టేకు వరుసలలో జీలుగుకల్లు దొరకదు, వెదురుకొమ్ములు దొరకవు; పాపికొండల రాతిచీలికలలో బ్రతికే బంగారుబల్లికి చోటు దొరకదు. నాటిన మొక్కలను లెక్కపెట్టడానికి అధికారులున్నారు. ఇది అడవి అవునో కాదో చెప్పగలిగిన కొండరెడ్డిని మాత్రం పునరావాస కాలనీకి పంపుతున్నారు.