నలుగురి పనికి ఇద్దరే

బెంగళూరు నుంచి వచ్చే 75వ నంబరు జాతీయ రహదారి వి.కోట దాటాక తమిళనాడులో అడుగుపెట్టి, పేర్నంబట్టు, గుడియాత్తం మీదుగా వేలూరు చేరుతుంది. ఈ దారిలో బైకు మీంచి పడ్డవాళ్లు తమిళులు కావచ్చు, పలమనేరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు కావచ్చు, ఉర్దూ మాట్లాడే పేర్నంబట్టు కుర్రాళ్లు కావచ్చు. ఎవరి కోసమైనా వచ్చేది 108 బండే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ 2008లో తమిళనాడుకు వచ్చింది. బండిలో ఉండేది ఇద్దరు: ప్రథమ చికిత్స చేసే ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్), బండి నడిపే పైలట్.

వెన్నెముక దెబ్బతిన్నదన్న అనుమానం ఉన్న మనిషిని స్పైన్ బోర్డు మీదికి ఎక్కించేటప్పుడు ఆ ఇద్దరి ఇబ్బంది తెలుస్తుంది. ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తలనూ మెడనూ కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. మరొకరు భుజమూ నడుమూ, ఇంకొకరు తుంటీ కాళ్లూ పట్టాలి. తల పట్టుకున్న మనిషే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే, ఆ మాట మీద ఒళ్లంతా ఒక్కసారిగా పక్కకు తిరగాలి. అప్పుడు నాలుగో మనిషి వీపు తడిమి చూసి బోర్డు జరుపుతారు.

మిగతా ఇద్దరూ ఎక్కడి నుంచి వస్తారు? పక్కనున్న టీకొట్టు నుంచి!

పారామెడిక్ శిక్షణలో ఈ ఒక్క విషయానికి ఇంకా చాలా చోటు ఇవ్వాలి. మనవాళ్లు మంచి మనసుతోనే చంకల్లో చేతులు వేసి లేపుతారు, నీళ్లు తాగిస్తారు. వాళ్లను కసరకుండా, రెండు ముక్కల్లో పని అప్పగించడం నేర్పాలి. ఆ రెండు ముక్కలూ తమిళంలోనే కాదు, తెలుగులోనూ ఉర్దూలోనూ నోటికి రావాలి. ‘కదలొద్దు, ఎక్కడ నొప్పి, కాళ్లు తెలుస్తున్నాయా’ అని సొంత భాషలో అడిగితేనే సరైన జవాబు వస్తుంది.

ఎవరిని ముందు చూడాలో కూడా నేర్పాలి. అరుస్తున్న మనిషి చుట్టూ జనం మూగుతారు. పక్కనే మాట్లాడకుండా కూర్చున్న మనిషికి కడుపులో రక్తం కారుతుండవచ్చు. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది సుమారు 5 లీటర్ల రక్తం. అందులో దాదాపు లీటరున్నర పోయేదాకా బీపీ నిలబడే ఉండవచ్చు. నాడి మాత్రం అంతకు ముందే పరుగెత్తుతుంది, చర్మం చల్లబడి చెమట పడుతుంది. బీపీ బాగుందని ధీమా పడకుండా, చెయ్యి పట్టుకుని చూసే అలవాటు పుస్తకం చదివితే రాదు.

గాయపడ్డ మనిషిలో ఏది ముందు చూడాలన్న వరుస వెనకా ఒక ప్రమాదం ఉంది. 1976లో అమెరికాలోని నెబ్రాస్కాలో జేమ్స్ స్టైనర్ అనే ఎముకల డాక్టరు నడుపుతున్న చిన్న విమానం కూలింది. భార్య చనిపోయింది, ఆయనా పిల్లలూ గాయపడ్డారు. ఊరి ఆసుపత్రిలో తమకు అందిన వైద్యం చూసి ఆయన పడ్డ బాధ నుంచే డాక్టర్లకు గాయాల చికిత్స నేర్పే ఏటీఎల్‌ఎస్ (అడ్వాన్స్‌డ్ ట్రామా లైఫ్ సపోర్ట్) శిక్షణ పుట్టింది. ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, రక్తప్రసరణ, మెదడు, ఆపై మిగతా ఒళ్లు అనే వరుస దాన్నుంచే ప్రపంచమంతా పాకింది. ఆ శిక్షణను మొదట తలపెట్టింది పెద్ద నగరాల కోసం కాదు, గుడియాత్తం లాంటి ఊళ్ల కోసమే.

వెన్నెముక గాయం ఎంత పని చేస్తుందో వేలూరుకు బాగా తెలుసు. 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) డాక్టరు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆమె చొరవతో 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం వెలిసింది. ఇప్పుడు సీఎంసీ రాణిపేట ప్రాంగణంలో పెద్ద ట్రామా కేంద్రం ఉంది, అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 2021 డిసెంబరులో మొదలైన ‘నమ్మై కాక్కుం 48’ పథకం కింద తమిళనాడు రోడ్ల మీద గాయపడ్డవాళ్లకు, ఏ రాష్ట్రం వాళ్లయినా సరే, తొలి 48 గంటల చికిత్స ఉచితం. ఇవన్నీ ఆసుపత్రి గుమ్మం లోపలి సదుపాయాలు. గుడియాత్తం నుంచి ఆ గుమ్మం దాకా ఉన్న దారంతా ఈఎంటీ చేతుల్లో ఉంది.

అందుకే శిక్షణ గుడియాత్తం ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలోనే జరగాలి. ఏడాదికోసారి సర్టిఫికెట్ కోసం కాదు, నెలనెలా, పైలట్‌ను కూడా కూర్చోబెట్టుకుని, ఆటోడ్రైవర్లనూ టీకొట్టువాళ్లనూ పిలిచి. రోగిని అప్పగించాక ఆ గాయం చివరికి ఏమిటని తేలిందో, దారిలో ఏం గమనించాల్సిందో వేలూరు డాక్టర్లు ఆ ఈఎంటీకి ఫోన్ చేసి చెప్పాలి.