తాళంచెవి తిరిగి ఇవ్వాలి



మన స్టోర్ రూమ్ సంగతి అందరికీ తెలిసిందే. బెల్లం, పల్లీలు తీసిన అక్క పేరు ఇక్కడ రాయను. ఆమె ప్రేయర్‌లో నిలబడి తప్పు ఒప్పుకుంది. క్షమించామని అందరూ అన్నారు. కానీ మెస్ కమిటీ తాళంచెవి ఆమెకు ఇంకా ఇవ్వలేదు. గదిలో ఎవరి రబ్బరు పోయినా ముందు ఆమె పెట్టె వైపే చూస్తున్నారు. దీన్ని క్షమించడం అంటారా?

మన సికింద్రాబాద్‌లో 1850లో కట్టిన సెయింట్ మేరీస్ చర్చిని 2008లో బసిలికా చేశారు. బసిలికా అయిన చర్చికి, అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవుల గుర్తు వాడుకునే హక్కు వస్తుంది. అవి పేతురు తాళంచెవులు. ఈ పేతురు ఎవరు? యేసుప్రభువును పట్టుకుపోయిన రాత్రి, ప్రధాన యాజకుని ఇంటి దగ్గర చలిమంట కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదని మూడుసార్లు అన్నవాడు. మొదట అడిగింది సైనికుడు కూడా కాదు, ఒక పనిపిల్ల. కోడి కూసినాక బయటికి పోయి ఏడ్చాడు. పరలోకరాజ్యం తాళంచెవులు ఇస్తానని యేసు అతనితో చెప్పింది అంతకు ముందే. తర్వాత వాటిని వెనక్కి తీసుకున్నట్టు నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు.

యోహాను సువార్త చివరి అధ్యాయం చూడండి. తిరిగి లేచిన యేసు సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు, రొట్టె సిద్ధం చేసి ముందు తినమన్నాడు. తిన్నాకే పేతురును నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ గొర్రెల్ని చూసుకొమ్మని పని అప్పజెప్పాడు. ఆ రాత్రి ఎందుకట్లా చేశావని మాత్రం అడగలేదు.

మనలో చర్చికి పోనివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకూ ఇది కొత్త కాదు. మా ఊళ్ళో తప్పు చేసినవాళ్ళు పెద్దల ముందు దండుగ కడితే, తర్వాత అందరూ కలిసి కూర్చుని తింటారు. ఆ కూడు తిన్నాక పాతమాట ఎత్తితే, ఎత్తినవాళ్ళనే తిడతారు. చదువురాని మా పెద్దలకు తెలిసింది మనకు తెలియదా?

యూదా కథ కూడా చెప్పాలి. ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చి, పాపం చేశానని యాజకుల ముందు ఒప్పుకున్నాడు. అది మాకెందుకు, నీ సంగతి నువ్వే చూసుకోమని పంపేశారు. ప్రసంగాల్లో ఈ ముక్క తొందరగా దాటిపోతారని నాకనిపిస్తుంది. ఒప్పుకున్న మనిషిని ఒంటరిగా పంపేసిన వాళ్ళ తప్పు లెక్కలోకి రాదా? మన అక్క దసరా సెలవులకు ఇంటికి పోతే మళ్ళీ రానంటోంది. ఆమెది పదో తరగతి. ఇప్పుడు పోతే ఇక పత్తి చేనే.

క్షమిస్తే భయం పోతుంది, రేపు అందరూ తీస్తారని కొందరు అంటున్నారు. ఒడిశాలో కుష్ఠురోగులకు సేవ చేసిన గ్రాహం స్టెయిన్స్ గారిని, పదేళ్ళు, ఆరేళ్ళు వయసున్న ఇద్దరు కొడుకుల్ని 1999 జనవరిలో మనోహర్‌పూర్ అనే ఊళ్ళో జీపులోనే కాల్చి చంపారు. భార్య గ్లాడిస్ గారు చేసినవాళ్ళను క్షమించానన్నారు. అక్కడే ఉండి ఆ రోగుల సేవ సాగించారు. అయినా కోర్టు ఆగలేదు. ముఖ్య నేరస్తుని యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అంత పెద్ద దుఃఖం పక్కన మన బెల్లం ముక్కను పెట్టకూడదు, నాకు తెల్సు. క్షమిస్తే శిక్ష ఉండదనే మాట నిజం కాదని చెప్పడానికే రాశాను. మన అక్కకు శిక్ష కూడా అయిపోయింది, నెలరోజులు గిన్నెలు తోమింది. ఇంకేం బాకీ ఉంది?

నేను అడిగేది ఇంతే. వచ్చే ఆదివారం నుంచి తాళంచెవి ఆమెకే ఇవ్వాలి. స్టోర్ తెరిచినప్పుడు కమిటీలో ఇంకో అమ్మాయి వెంట ఉండాలి. సామాను తూకం వేసి రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ పద్ధతి ఆమె ఒక్కదాని కోసం అనుకోవద్దు, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నా ఇదే ఉండాలి. వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే మొదటి వారం తూకానికి నేను వస్తాను.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని