ఆట కత్తికి, పోటు కత్తికి మధ్య 3 అంగుళాలు

న్యూఢిల్లీ: సీతాకోకచిలుక కత్తిని వేళ్ల మధ్య గిరగిర తిప్పుతూ తెరవడం, మూయడం అనేక దేశాల యువకులకు ఒక కాలక్షేపంగా పరిణమించింది. చేయి తెగకుండా ఎంత వేగంగా, ఎంత వింతగా తిప్పగలరన్నదే ఇందులోని పోటీ. అదే కాలక్షేపం ఢిల్లీలోని సరోజినీ నగర్‌లో సాగినప్పుడు ఆటగా మిగులుతుందా, ఆయుధ చట్టం పరిధిలోకి వస్తుందా అన్నది ఒక కొలబద్ద మీద ఆధారపడి ఉంది. ఆ కొలబద్దపై ఉన్న అంకె 7.62 సెంటీమీటర్లు, అనగా సరిగ్గా 3 అంగుళాలు.

ఈ అంకెకు మూలం 1980 అక్టోబర్ 29న నాటి ఢిల్లీ పాలనా యంత్రాంగం జారీచేసిన నోటిఫికేషన్. స్ప్రింగుతో తెరుచుకునేవి, గరారీదార్, బటన్‌దార్ కత్తులు, మరే ఇతర యాంత్రిక సాధనంతోనైనా తెరుచుకునే లేదా మూసుకునే కత్తులు, వాటి అలుగు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకు మించి ఉన్నట్లయితే, లైసెన్సు లేనిదే తయారుచేయరాదు, విక్రయించరాదు, అమ్మకానికి గాని పరీక్షకు గాని దగ్గర ఉంచుకోరాదు. 1959 నాటి ఆయుధ చట్టం 4వ సెక్షన్ ఇందుకు ఆధారం. ఉల్లంఘిస్తే ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు.

సీతాకోకచిలుక కత్తి పేరు ఆ నోటిఫికేషన్‌లో ఎక్కడా లేదు. చిక్కంతా ఇక్కడే వచ్చిపడింది. ఈ కత్తికి స్ప్రింగు లేదు, బటన్ లేదు, కిరకిరలాడే గరారీ లేదు. ఉన్నవల్లా రెండు పిడులు, వాటిని అలుగు మొదట బిగించిన రెండు ఇరుసులు. మూసినప్పుడు పిడులు రెండూ దగ్గరకు వచ్చి అలుగును తమలో దాచుకుంటాయి. మణికట్టు విదిలిస్తే రెక్కల వలె విచ్చుకుంటాయి. అలుగు వెన్ను వైపు వచ్చే పిడిని పట్టుకుని తిప్పితే వేళ్లు భద్రం. పదును వైపు వచ్చే పిడిని పట్టుకుంటే రక్తం తప్పదు. కనుకనే అభ్యాసకులు పదును లేని, కొన కూడా మొండిగా ఉండే అలుగుతో నేర్చుకుంటారు. అటువంటి దానిలో అలుగు ఉన్నా అది కోయదు, దువ్వెనతో సమానం. మణికట్టు బలంతో తిరిగే ఇరుసును 'యాంత్రిక సాధనం' అనవచ్చునా? మొండి అలుగు కత్తి అవుతుందా? 1980లో ఈ ప్రశ్నలు ఎవరికీ తట్టి ఉండవు.

ఈ కత్తి పుట్టిల్లుగా ప్రసిద్ధికెక్కింది ఫిలిప్పీన్స్ దేశంలోని బటాంగస్ రాష్ట్రం. అక్కడి తాల్ పట్టణానికి చెందిన ఒక గ్రామం పేరే 'బాలిసాంగ్'. కత్తికీ అదే పేరు. కమ్మరులకు అది తరతరాల జీవనోపాధి. 2014లో ఒక ప్రసిద్ధ కంప్యూటర్ ఆటలో ఈ కత్తి చోటు చేసుకున్నాక బటాంగస్ పేరు కూడా వినని పిల్లలకు దాని విన్యాసాలు కంఠతా వచ్చాయి. కర్రసామును ఆదరించిన తెలుగువారికి ఈ మోజు బోధపడనిదేమీ కాదు. చేతికీ వస్తువుకూ మధ్య కుదిరే లయలో ఒక ఆనందం ఉంది. దానిని నేరప్రవృత్తిగా పరిగణించడం తొందరపాటు.

అయితే పోలీసుల భయాన్ని కూడా కొట్టిపారేయలేము. హైదరాబాద్‌లో జన్మించి, తెలుగువాడైన డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని 1898లో వివాహమాడిన సరోజినీదేవి పేరు పెట్టుకున్న ఈ పేట పూర్వం వినయ్ నగర్. చవక దుస్తుల కోసం జనం కిటకిటలాడే ఇక్కడి బజారులో 2005 అక్టోబర్ 29న, దీపావళికి ముందు, బాంబు పేలి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అటువంటి చోట మెరిసే అలుగును చూసి కానిస్టేబుల్ ఉలిక్కిపడితే తప్పు పట్టేదెవరు? ఢిల్లీలో మైనర్ల చేతుల్లో కత్తిపోట్లు పత్రికలకు కొత్త వార్త కూడా కాదు.

కాగా, ఉలిక్కిపడడం వేరు, కేసు పెట్టడం వేరు. 'జేబులో బటన్‌దార్ చాకు దొరికింది' అన్నది ఢిల్లీ కోర్టులకు చిరపరిచితమైన వాక్యం. స్వతంత్ర సాక్షులు లేక వీగిపోయిన ఇటువంటి కేసులకు లెక్కలేదు. 2025లో సుప్రీంకోర్టు ఒక బటన్‌దార్ కత్తి కేసును కొట్టివేస్తూ, అది అమ్మకానికో, తయారీకో, పరీక్షకో ఉంచుకున్నదన్న ఆరోపణే అభియోగపత్రంలో లేనప్పుడు నోటిఫికేషన్ ఉల్లంఘన జరిగిందనడానికి వీల్లేదని తేల్చడం గమనార్హం. ఆ కత్తి అలుగు 3 అంగుళాలకు చాలా పైమాటే. కొలత ఒక్కటే చాలదు, ఉద్దేశం కావాలన్నమాట. నోటిఫికేషన్ వెలువడిన 45 ఏళ్లకు గాని ఈ స్పష్టత రాలేదు. ఈలోగా జైలు చూసివచ్చిన వారి సంగతి ఎవరికి పట్టింది?

చట్టం దృష్టి సారించవలసిన చోటు కొనేవాని జేబు కాదు, అమ్మేవాని గిడ్డంగి. 2022 ఆగస్టులో దక్షిణ ఢిల్లీ పోలీసులు 14,000కు పైగా బటన్‌దార్ కత్తులను స్వాధీనం చేసుకున్నారు. అవి చైనా నుంచి దిగుమతి అయి, ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్న సరుకు. సరోజినీ నగర్ క్వార్టర్లలోని ఇంటి తలుపు తట్టి పార్సెల్ అందించే రోజుల్లో పేవ్‌మెంటు మీది దుకాణాన్ని తనిఖీ చేసి ఒరిగేదేమిటి? పైగా నోటిఫికేషన్ ఢిల్లీ హద్దు దాటదు. బస్సెక్కి నోయిడాలో దిగినా, గురుగ్రామ్‌లో దిగినా ఆ 3 అంగుళాల నియమం వెంట రాదు. దేశవ్యాప్త ఆయుధ నిబంధనల షెడ్యూలులోనేమో అలుగు పొడవు 9 అంగుళాలు లేదా వెడల్పు 2 అంగుళాలు దాటితేనే ఆయుధం! సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడి కాలికి కట్టే కత్తిని ఏ కొలబద్దతో కొలుస్తారో మరి.

అధికారుల వైఖరిలోని వైరుధ్యానికి రాంపూర్ మంచి ఉదాహరణ. హిందీ చలనచిత్ర ప్రతినాయకుల చేతిలో వెలిగిన రాంపురీ చాకు, 1990వ దశకంలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు మించిన అలుగులపై ఆంక్షలు విధించడంతో కుదేలైంది. పనివారు వేరే వృత్తులు వెతుక్కున్నారు. 2023లో అదే పట్టణంలో, కూడలి నడుమ, సుమారు 20 అడుగుల చాకును స్మారకంగా నిలబెట్టారు!

బ్రిటన్ కఠిన మార్గాన్నే ఎంచుకుంది. సీతాకోకచిలుక కత్తుల అమ్మకాన్ని 1988లోనే నిషేధించి, 2021 జూలై నుంచి ఇంట్లో ఉంచుకోవడాన్ని కూడా నేరం చేసింది. అయితే అంతకు ముందు కొన్ని నెలలపాటు గడువిచ్చి, అప్పగించిన వారికి పరిహారం చెల్లించింది. పౌరుని వద్దనున్న వస్తువు రాత్రికి రాత్రి నేరవస్తువు కారాదన్న మర్యాద అందులో ఉంది. 18 ఏళ్లు నిండని వారికి కత్తులు అమ్మడం కూడా అక్కడ నేరమే. మన ఆయుధ చట్టంలోని 21 ఏళ్ల వయోనిబంధన తుపాకులకు, మందుగుండుకు మాత్రమే వర్తిస్తుంది.

కేంద్ర హోం శాఖ చేయదగిన పని పెద్దదేమీ కాదు. పదునున్న అలుగును, మొండి అలుగును నిబంధనల్లోనే వేరుచేయాలి. మొదటిదానిని మైనర్లకు అమ్మరాదని దేశమంతటికీ ఒకే నియమం పెట్టి, వయస్సు నిర్ధారించుకునే బాధ్యతను ఆన్‌లైన్ విక్రేతపై మోపాలి. రెండవదానిని ఆటవస్తువుగా వదిలివేయాలి. ఇరుసు యాంత్రిక సాధనమా కాదా అన్నది కూడా ఆ సవరణలోనే తేల్చవచ్చును. అంతవరకు సరోజినీ నగర్ కుర్రవాడు ఇంట్లో తిప్పుకునే మొండి కత్తిని జేబులో వేసుకుని వీధిలోకి వస్తే, దాని అలుగుకు పదును ఉన్నదీ లేనిదీ మొదట తడిమి చూడవలసినవాడు బీట్ కానిస్టేబులే.